పరీక్షకా, ఇంటికా?

కోరుట్ల బస్టాండుకు ఎదురుగా ఒక జిరాక్స్ షాపు ఉంది. మొన్న మార్చిలో పరీక్షల డ్యూటీ మీద జగిత్యాల నుంచి వెళ్లినప్పుడు, ఆర్డరు కాయితం రెండు కాపీలు తీయించుకుందామని అక్కడ ఆగాను. నా ముందు ఒక ముసలాయన ఉన్నాడు. చేతిలో కాయితమేమీ లేదు. మొక్కజొన్నల గురించి ఉత్త ప్రశ్న పట్టుకుని వచ్చాడు.

"సర్కారు ఈసారి మక్కలు కొంటదా కొడుకా? ఫోన్ల ఏమన్న రాసిండ్రా? ఉంచాల్నా, అమ్మాల్నా?"

షాపతనికి పాతికేళ్లు ఉంటాయేమో. మిషను మూత దించుతూ, తల ఎత్తకుండానే అన్నాడు.

"పరీక్షకా తాతా, ఇంటికా?"

"నాకేం పరీక్షరా? పండ్లన్నీ ఊడె."

"అయితే గీ స్టూలు మీద కూసో. ఎన్ని సంచులైతయి? ఇంట్ల తడవకుండ పోసే జాగ ఉన్నదా?"

నా కాయితం నా చేతిలోనే ఉండిపోయింది. ముసలాయన వెళ్లేదాకా ఆగి, ఆ మాట ఎవరు నేర్పారని అడిగాను.

"మా ఎకనామిక్స్ మేడం మాట. ఈడ డిగ్రీల చెప్పింది. పోయిన నెల చనిపోయింది పాపం. పొద్దుగాల బస్సుకని బయలెల్లి వాకిట్లనే కూలవడ్డదంట."

అలా తెలిసింది నాకు. ఆమె మా ఎకనామిక్స్ మేడం కూడా. సిరిసిల్లలో నాకు పాఠం చెప్పిన తర్వాత కోరుట్లలో ఇతనికి చెప్పిందన్నమాట. ఆమె ఎవరేమడిగినా ముందు 'పరీక్షకా, ఇంటికా' అని ఎందుకు అడిగేదో తెలుసా అన్నాను, ఊరికే. అతనికి తెలుసు. కాలేజీలో పిల్లలందరికీ తెలుసట.

"ఎన్కట ఎవడో పిలగాడు ఆమె క్లాసుల చెప్పింది విని మేకలు కొన్నడంట అక్కా. మందంత సచ్చింది. వాడు ఒక తోలు తెచ్చి ఆమె ముందట ఏసిండంట. గప్పటిసంది ఆమె అడుగుడు మొదలువెట్టింది."

మేకలు కావు, మరమగ్గాలు. పిలగాడు కాదు, నేను. కానీ ఆ ముక్క అతనికి చెప్పలేదు. రెండు కాపీలూ తీసుకుని బయటపడ్డాను.

ఆమె జీవితం గురించి నాకు పెద్దగా తెలియదు. గంభీరావుపేట వైపు నుంచి బస్సులో వచ్చేది. మెడలో సన్నటి గొలుసుకు చిన్న సిలువ ఉండేది. పెళ్లి గురించి ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. ఆమె పాఠం మాత్రం బాగా తెలుసు.

నేను డిగ్రీ చదివిన ప్రైవేటు కాలేజీ ఒక ఫంక్షన్ హాలు మీది అంతస్తులో ఉండేది. లగ్గాల రోజుల్లో కింద బ్యాండు, పైన బి.కాం. మిగతా లెక్చరర్లు బ్యాండు మొదలవగానే పుస్తకం మూసి సంతోషంగా దిగిపోయేవాళ్లు. ఈమె మాత్రం గొంతు పెంచదు. బోర్డు మీద రాస్తూ పోతుంది. చాక్‌పీసుకు బస్ టికెట్ చుట్టి పట్టుకునేది, సున్నం పడక వేళ్లు పగులుతాయని. కుర్చీ ఉన్నా కూర్చోదు. అది కూర్చోవడానికి కాదు, హాజరు పుస్తకం పెట్టుకోవడానికి అన్నట్టు ఉండేది ఆమె తీరు.

మొదటి రోజు బోర్డు మీద మూడు సున్నాలు గీసింది. ఒకటి కొనేవాడు, ఒకటి అమ్మేవాడు, మధ్యలో దళారి. తర్వాత పైమూలకు ఒక డబ్బా గీసి, అందులో ఏమీ రాయకుండా మా వైపు తిరిగింది.

"బేరం కాడ ముగ్గురు కనబడుతరు. నాలుగో మనిషి ఏడున్నడు?"

మేము వెనక్కి తిరిగి చూశాం. ఎవరైనా ఆలస్యంగా వచ్చారేమో అనుకున్నాం.

నాలుగో మనిషి అంటే సర్కారు. వ్యాపార అర్థశాస్త్రం పుస్తకంలో 'ప్రభుత్వ పాత్ర' అని చివర్లో వచ్చే అధ్యాయాన్ని ఆమె మొదటి రోజే తెచ్చి ఆ డబ్బాలో కూర్చోబెట్టింది. ఆ ఏడంతా ఆయన్ని వెతకడమే మా పని. పొద్దున ఏం తిన్నావని ఒకరిని లేపేది. ఉప్మా అంటే, ఉప్మాలో నాలుగో మనిషి ఎక్కడున్నాడో చెప్పమనేది.

"గ్యాసు కాడ."

"ఇంకా?"

"ఉప్పు పాకిటు మీద రాసి ఉంటది మేడం, అయోడినని."

"ఇంకా?"

టిఫిన్ సెంటర్ నడిపేవాళ్ల పిల్లగాడు ఒకడు వెనక బెంచీలో లేచాడు. "నాలుగో మనిషి మా హోటల్ల ఉప్మా తిని పైసలియ్యకుంట పోతడు మేడం."

క్లాసంతా నవ్వింది. ఆమె కూడా నవ్వింది. "గది సిలబస్‌ల లేదు. రాస్తే సగం మార్కు ఏస్త."

సర్కారు మంచిదా చెడ్డదా అని మాత్రం అడగనిచ్చేది కాదు. అలా అడగడం కోడలి ముందర అత్త గురించి అడిగినట్టు ఉంటుందనేది. "ఏం జేస్తది, ఎప్పుడు జేస్తది. గంతే అడుగుండ్రి." ఎప్పుడు మానేస్తది అనే మూడో ప్రశ్న ఆ తర్వాత చేర్చింది. దానికి కారణం కూడా నేనే.

తన ఇంటి సంగతి క్లాసులో ఒక్కసారే చెప్పింది, అదీ డిమాండ్ పాఠం కోసమే. వాళ్లకు భూమి లేదు. వాళ్లమ్మ కూలికి పోయేది. "ఏడాదంత మా అవ్వకు గొంతు లేకుండె. పటేలు ఎంతంటే గంతకు పోయేది. నాట్లేసే పదిహేను దినాలు మాత్రం వాకిట్ల నిలవడి, 'గీ కూలికి నేను రాను' అనేది. పదిహేను దినాలు అయినంక మళ్ల గొంతు పోయేది. దాన్నే డిమాండ్ అంటరు. రాసుకోండ్రి." మేము రాసుకున్నాం. నేను ఇప్పుడు జూనియర్ కాలేజీలో కామర్స్ చెప్తున్నాను. ఇంతకంటే మంచి నిర్వచనం నాకు దొరకలేదు. ఈ మాట అప్పట్లో ఎవరైనా అని ఉంటే వాళ్లతో కొట్లాడేదాన్ని.

ఇక సాంచాల సంగతి. మరమగ్గాన్ని మా దగ్గర సాంచా అంటారు. మా బాపుకు ఎనిమిది ఉండేవి. సేటు దగ్గర నూలు తెచ్చి తెల్లబట్ట నేసి ఇచ్చేవాడు. పెద్దగా మిగిలేది కాదు, పని మాత్రం ఆగేది కాదు. ఆ రోజుల్లో పండుగకు పంచే చీరలు నేయమని సర్కారు మా ఊరికి ఆర్డరు ఇచ్చింది. సిరిసిల్లలో ఎవరి నోట విన్నా చీరల మాటే. అయితే చీర అంచు మీద డిజైను పడాలంటే సాంచా నెత్తిన డాబీ అని ఇంకో యంత్రం బిగించాలి. బిగిస్తే ఇక తెల్లబట్ట వదులుకోవాలి. తెల్లబట్ట వదిలితే సేటు ఆ నూలు పక్కింటికి ఇస్తాడు. రెండు నెలలు మా ఇంట్లో అన్నం దగ్గర ఇదే చర్చ. అమ్మ బీడీలు చుట్టుకుంటూ, "సగం వెట్టు, సగం ఉంచు" అనేది. బాపు చెయ్యి కడుక్కుని షెడ్డులోకి పోయేవాడు.

నేను అప్పుడు రెండో ఏడు. క్లాసులో, కొనేవాడు ఒక్కడే ఉండే మార్కెట్ గురించి పాఠం నడుస్తోంది. చెయ్యెత్తి అడిగాను.

"మేడం, కొనేటోళ్లు ఒక్కరే ఉండి, గది సర్కారే అయితే, అమ్మేటోళ్లకు ఫికర్ ఉండదు గద?"

ఆమె ఒక్క క్షణం కూడా ఆలోచించలేదు. పుస్తకంలో ఉన్నది ఉన్నట్టు చెప్పింది. "ప్రభుత్వం కొంటనని మాటిస్తే అమ్మేటోళ్లకు అనిశ్చితి తగ్గుతది. మంచి ప్రశ్న. అయిదు మార్కులకు అడుగుతరు."

అయిదు మార్కుల జవాబును నేను ఇంటికి మోసుకుపోయాను. "మా మేడంను అడిగిన. ఫికర్ లేదన్నది" అని బాపుకు చెప్పాను. తగ్గుతుందన్నది ఆమె, లేదన్నది నేను. ఆ తేడా నాకు చాలా ఏళ్ల తర్వాత గానీ తట్టలేదు. బాపు తల ఊపాడు. నెల తిరగకముందే ఆరు సాంచాలకు డాబీలు ఎక్కాయి. పాతవి రెండే మిగిలాయి.

ఆ ఏడు బాగానే గడిచింది. మరుసటి ఏడు పని ఆలస్యంగా వచ్చింది, వచ్చినదాంట్లో మా వంతుకు పడింది కొంచెమే. సేటు తెల్లబట్ట నూలును అప్పటికే వేరేవాళ్లకు కట్టబెట్టాడు. ఆరు సాంచాలు నిలబడిపోయాయి. సిరిసిల్లలో పుట్టినవాళ్లకు చప్పుడులో నిద్ర పడుతుంది. చప్పుడు ఆగితే లేచి కూర్చుంటాం. బాపు అలా లేచి కూర్చోవడం నేను చూశాను. మా అన్న భీవండి వెళ్లిపోయాడు, అక్కడ ఎవరివో సాంచాలు నడపడానికి. నన్ను చదువు మాన్పిస్తారనే మాట కూడా ఇంట్లో ఒకసారి వచ్చింది.

అది వచ్చిన మర్నాడు క్లాసులో లేచి నిలబడ్డాను. ఆమె ఏదో పాత పాఠం మీద ప్రశ్న అడుగుతోంది. నన్నడగలేదు.

"మీరు చెప్పిన జవాబుకు మా ఇంట్ల ఆరు సాంచాలు పండుకున్నయి మేడం," అన్నాను. "అయిదు మార్కుల జవాబు."

పూర్తిగా చెప్పాను, డాబీల దగ్గర్నుంచి అన్న దాకా. నలభైమంది ముందు. ఆమె మధ్యలో అడ్డురాలేదు. నేను కూర్చున్నాక చాక్‌పీసుకు చుట్టిన టికెట్ విప్పి, మడతపెట్టి, బల్ల మీద పెట్టింది. గంట కొట్టేదాకా కిటికీ దగ్గర నిలబడింది. ఆమె పాఠం చెప్పకుండా పోయిన పీరియడు నాకు తెలిసి అదొక్కటే.

మర్నాడు ఎవరో లాభం గురించి ఏదో అడిగారు. ఆమె చేతిలో చాక్‌పీసు ఆపి, "పరీక్షకా, ఇంటికా?" అంది. ఎవరికీ అర్థం కాలేదు. నాకు అర్థమైంది. నన్ను దెప్పిపొడుస్తోందనుకున్నాను.

అప్పటి నుంచి అదే వరస. పరీక్షకు అంటే ఊపిరి తిప్పుకోకుండా చెప్పేది. ఇంటికి అంటే చాక్‌పీసు కింద పెట్టేది. ఎవరు అడగమన్నారు, ఎంత పని, కొనేవాడు రాకపోతే ఎవరికి అమ్ముతారు అని తిరిగి తనే అడిగేది. చివరికి చాలాసార్లు ఆమె జవాబు ఒకటే. "నాకు తెల్వది. తెలిసినోళ్లను అడుగుదాం." నిజంగానే అడిగేది. విత్తనాల షాపుకో, చేనేత ఆఫీసుకో వెళ్లి, వారం తర్వాత వచ్చి, అడిగిన పిల్లను పేరు పెట్టి పిలిచి చెప్పేది. కోరుట్ల షాపతను కూడా ఇలాంటిదే ఒకటి చెప్పాడు. దుబాయి పోవాలా, జిరాక్స్ మిషను పెట్టాలా అని అడిగితే, ఆమె ఒక రోజంతా బస్టాండు ముందు నిలబడి, చేతిలో కాయితాలున్న మనుషులను లెక్కపెట్టిందట. సాయంత్రం వచ్చి, "పెట్టు. పక్కపొంటి ఇంకోడు పెడితే ఏం జేస్తవో గది కూడ ఇయ్యాల్నే ఆలోచించుకో" అన్నదట.

నాకు మాత్రం ఆ ప్రశ్న వినబడితే ఒళ్లు మండేది. ఒకరోజు కావాలనే చెయ్యెత్తి సబ్సిడీల మీద ఏదో అడిగాను. ఆమె నన్ను కూడా అదే అడిగింది.

"పరీక్షకే మేడం. ఇంట్ల అడుగుతందుకు ఏం మిగల్లే."

ఆమె ముఖం మారలేదు. పావుగంట జవాబు చెప్పింది.

అప్పుడు నాకు ఒక పంతం పట్టుకుంది. ఆమెను తప్పు పట్టాలి, అదీ క్లాసులో. కాలేజీ లైబ్రరీ అనే ఆ రెండు బీరువాల్లో ఉన్న అర్థశాస్త్రం పుస్తకాలన్నీ చదివాను. చాలక జిల్లా గ్రంథాలయానికి పోయాను. రోజుకొక ప్రశ్న తయారుచేసుకుని వెళ్లేదాన్ని. తెలిస్తే చెప్పేది, తెలియకపోతే రేపు చెప్తాననేది, రేపు చెప్పేది. ఒక్కసారి నిజంగానే పట్టుకున్నాను. పన్ను భారం ఎవరి మీద పడుతుందన్న బొమ్మలో ఆమె ఒక గీత తప్పు గీసింది. నేను చెప్పగానే తుడిచి, చాక్‌పీసు నా చేతికిచ్చి, "నువ్వే గియ్యి" అంది. గీశాను. ఆ రోజు ఇంటికి ఎగురుకుంటూ వెళ్లాను. ఆ ఏడు అర్థశాస్త్రంలో కాలేజీ ఫస్టు నాదే.

ఈ మధ్యలోనే ఒక ఆదివారం ఆమె మా ఇంటికి వచ్చింది. క్లాసులో నేను కడిగేసిన రోజు తర్వాత రెండు నెలలకనుకుంటాను. మాది ముందు సాంచాల షెడ్డు, వెనక ఇల్లు. నేను లోపలి గదిలో నూలు కండెలు చుడుతున్నాను. తలుపు సందులోంచి ఆమె కనబడింది. లేచి వెళ్లలేదు. కాళ్లు పట్టుకోవడానికి వచ్చిందనుకున్నాను, రానీ అనుకున్నాను. మిగిలిన రెండు పాత సాంచాలు నడుస్తున్నాయి. బాపు, ఆమె వాటి పక్కనే నిలబడి మాట్లాడుకున్నారు. పెదవులు కదలడం కనబడింది గానీ ఒక్క ముక్క వినబడలేదు. కాసేపటికి ఆమె ఆగిపోయిన సాంచాలన్నీ ఒక్కొక్కటీ చూసింది. డాబీ మీద చెయ్యివేసి బాపును ఏదో అడిగింది. వెళ్లిపోయింది. ఏమన్నదని నేను బాపును అడగలేదు. చదువు మాన్పించే మాట ఆ తర్వాత ఇంట్లో మళ్లీ రాలేదు. ఆ రెంటికీ ముడి ఉందని నాకు తోచలేదు.

చివరిసారి ఆమెను చూసింది జగిత్యాల నుంచి కోరుట్ల పోయే బస్సులో, ఏడాదిన్నర కింద. సిరిసిల్ల కాలేజీలో మా గ్రూపు ఎత్తేశాక ఆమె కోరుట్ల మారిందని విన్నాను. పక్కసీటు మీది బ్యాగు తీసి నన్ను రమ్మంది. ముఖం చాటేసే వీలు లేక కూర్చున్నాను. కండక్టరు ఇద్దరికీ సున్నా టికెట్లు కొట్టిచ్చాడు, ఆడవాళ్లకు సర్కారు బస్సు ఉచితం కదా. ఆమె తన టికెట్‌ను కాసేపు చూసి, "నాలుగో మనిషి," అని, మడతపెట్టి పర్సులో వేసుకుంది. రేపటి చాక్‌పీసుకు అనుకుంటాను.

"సాంచాలు ఎన్ని నడుస్తున్నయి?"

"నాలుగు. మిగతయి ఇనుము కింద అమ్మినం."

"ఊఁ." బ్యాగు ఒళ్లోకి జరుపుకుని, "నౌకరి వచ్చిందంట గద. పుస్తకాలన్నీ అరగదీసినవు. ఎందుకు రాదు," అని నవ్వింది.

నేను నవ్వలేదు. "ఇప్పటికీ గట్లనే అడుగుతున్నరా అందరిని?" అన్నాను.

"అడుగుత."

మెట్‌పల్లి బస్సు ముందుకు వచ్చిందనో, మా డ్రైవరు మెల్లగా పోతున్నాడనో ఏదో మాట్లాడుకున్నాం. కోరుట్లలో ఆమె దిగి, వెనక్కి చూడకుండా వెళ్లింది.

జిరాక్స్ షాపులో విన్నాక వచ్చిన ఆదివారం సిరిసిల్ల వెళ్లాను. బాపు షెడ్డులో ఉన్నాడు. మా మేడం పోయిందట అని గట్టిగా అరిచి చెప్పాను. మావాళ్లు మాటల కోసం సాంచా ఆపరు. చావు కబురు అయినా నడుస్తుండగానే వింటారు. బాపు మాత్రం నాలుగూ ఆపాడు.

"నీకొక ముచ్చట చెప్పాలె బిడ్డ. ఇగ చెప్పొచ్చు."

స్టూలు నాకు జరిపి, తను నూలు మూట మీద కూర్చున్నాడు.

"నువ్వు కాలేజీల అడిగినంటివి సూడు, ఫికర్ లేదన్నదని. గప్పటికే నేను డాబీలు మాట్లాడి వచ్చి వారమైంది. మీ అవ్వకు భయపడి ఇంట్ల చెప్పలే. నువ్వు చెప్పినంక జర ధైర్యమైంది, గంతే. నువ్వు చెప్పకున్నా పెట్టేటోన్నే."

నేను స్టూలు ఆయన దగ్గరికి జరుపుకున్నాను.

"గా ఆదివారం ఆమె వస్తే గిదే చెప్పిన. నీ తప్పేం లేదమ్మా, మా పిల్లకు ఎరుకలేక అన్నది, లోపలున్నది, పిలిచి చెప్త అన్న. సాంచాలు బందువెట్టబోయిన. ఆమె వద్దన్నది. 'నడువనియ్యండి, ఆపితే పిల్లకు వినబడుతది' అన్నది."

"వినబడితే ఏమాయె?"

"నేనూ గదే అన్న. 'నా మీద పంతంతోని పుస్తకాలు చదువుతాంది. గా పంతం తియ్యకుండ్రి. కాలేజి మాన్పియ్యకుండ్రి' అన్నది. నాతోని ఒట్టు వేయించుకున్నది."

"మరి తప్పు లేదని తెలిసినంక కూడ అందరిని గట్లెందుకు అడిగింది?"

"గది కూడ ఆమెనే చెప్పింది. 'మీరు ముందుగాల్నే మాట్లాడి వచ్చిన సంగతి నాకు తెల్వది గదా. తెల్వకుంటనే జవాబు చెప్పిన' అన్నది."

ఏడేళ్లు ఆమె మీద కోపంతో బతికాను. ఆ కోపం మీదే చదివాను, నౌకరి తెచ్చుకున్నాను. బస్సులో పక్కన కూర్చుని కూడా ముఖం ముడుచుకునే ఉన్నాను. నాకు ఏడుపు రాలేదు, సిగ్గేసింది. ఆమెకు ఎదురుపడి చెప్పుకోవలసిన సిగ్గు అది, చెప్పుకోవడానికి ఆమె లేదు.

లేచి లోపలి గదిలోకి వెళ్లాను. ఆ రోజు కండెలు చుట్టుకుంటూ కూర్చున్న చోటే కూర్చుని, రెండు సాంచాలు నడపమని, నడుపుతూ ఏదో ఒకటి మాట్లాడమని బాపుతో అన్నాను. ఆయన నన్ను ఒక చూపు చూసి స్విచ్చు వేశాడు. చప్పుడు అందుకుంది. తలుపు సందులోంచి పెదవులు కదలడం కనబడింది. ఎంత చెవి పెట్టినా వినబడలేదు.

బయటికి వచ్చి, చెవి దగ్గర నోరు పెట్టి, ఏమన్నవని అడిగాను.

"ఏమన్లే," అన్నాడు. "మంచి మనిషి అన్న."